కొడుకు కాదు, కూతురే

గల్ఫులో రాస్ తనూరా అనే చోట చమురు రిఫైనరీకి పనులు చేసిపెట్టే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఆనందకుమార్ డాక్యుమెంట్ కంట్రోలర్. డ్రాయింగులకు నంబర్లు వేయడం, పాతవి తీసి కొత్తవి పెట్టడం, ఎవరికేది కావాలో వెతికివ్వడం. పదకొండేళ్లుగా అదే పని. ఊరు ఫిరంగిపురం. పదో తరగతి కాగానే సెమినరీలో చేరి, ఎనిమిదేళ్లు చదివి, ఇంకో రెండేళ్లలో గురుపట్టం అనగా ఆ జీవితం తనది కాదని బయటికొచ్చేశాడు. ఊళ్లో "సగం ఫాదరు" అని పేరు పెట్టారు. అక్కడ నేర్చుకున్న లాటిన్ గురించి మొదట్లో బయోడేటాలో రాసేవాడు. ఒక ఏజెంటు చదివి పకపకా నవ్వాక ఆ వరుస కొట్టేశాడు.

ప్రాజెక్టు మేనేజర్ గ్రాహమ్ ఓల్డ్‌రాయిడ్ ఇంగ్లండులో యార్క్‌షైర్ మనిషి. ఆయనకు ఒకటే పిచ్చి, వంశవృక్షం. తండ్రి, తాత, ముత్తాత అంటూ చర్చి పుస్తకాలు పట్టుకుని ఐదు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాడు. విలియం ఓల్డ్‌రాయిడ్ అనే రైతు దగ్గర దారి ఆగిపోయింది. ఆ కాలానికి బాప్తిస్మాల రిజిస్టర్లు లేవు. ఉన్నవల్లా వీలునామాలు. వీలునామా చెల్లాలంటే చర్చి కోర్టు ఒప్పుకోవాలి, గుమాస్తా దాన్ని లాటిన్‌లో పుస్తకానికి ఎక్కించాలి. అలాంటి పుస్తకంలోనే 1438 నాటి రాబర్ట్ ఓల్డ్‌రాయిడ్ వీలునామా దొరికింది. విలియం దున్నిన పొలం ఒకప్పుడు ఈ రాబర్ట్‌దే, ఆ పొలం పేరూ ఓల్డ్‌రాయిడే. ఇంగ్లండులో ఎవరో అనువాదం చేసి పంపారు: "ఇల్లూ పొలమూ నా కొడుకు జాన్‌కి." ఆ జాన్ ఆ తర్వాత ఎక్కడా కనిపించడు. ఆరేళ్లుగా ఆయన జాన్ కోసమే వెతుకుతున్నాడు.

ఒక మంగళవారం ఆ పేజీని పెద్ద కాగితం మీద ప్రింటు తీయమని పంపాడు. ప్రింటర్ చూసే నయీమ్ కడప మనిషి.

"అన్నా, ఇట్లా రా. ఇదేం డ్రాయింగన్నా? చీమలు పాకినట్టుంది."

ఆనందకుమార్ వంగి చూశాడు. మొదటి వరుస చూడకుండానే నోటికొచ్చినట్టు వచ్చేసింది. దేయో ఒమ్నిపొతెంతి, బెయాతే మరీయే. సర్వశక్తిగల దేవునికి, ధన్య మరియమ్మకు, సకల పునీతులకు నా ఆత్మను అప్పగిస్తున్నాను. ఈ మాటలు ఎనిమిదేళ్లు రోజూ ప్రార్థనలో పలికినవే. ఒక్కటే తేడా. సెమినరీ పుస్తకంలో 'బెయాతే' చివర a, e అని రెండక్షరాలు ఉండేవి, పలకడం మాత్రం ఒక్క 'ఎ'. ఈ గుమాస్తా పలికినట్టే, ఒక్క అక్షరంతో రాసేశాడు.

వేలు కిందికి జరిపాడు. యొహాన్నే, ఆ పక్కన కొడుకో కూతురో తేలకుండా సగంలో ఆపేసిన 'ఫిలి', దాని పక్కన 'మేయే'.

"నయీమూ, ఇది కొడుకు కాదు. కూతురు."

"ఎట్ల చెప్తావు?"

"'నా కొడుక్కి' అనాలంటే చివర 'మేయో' రావాలి. ఇక్కడ 'మేయే' ఉంది."

"అరబ్బీలో గూడా అంతేగదన్నా. అక్షరం కిందా మీదా పెట్టే జేరు జబరు గుర్తులు మారితే మనిషే మారిపోతాడు. పోయి చెప్పు సారుకు."

"అక్కడ ఎక్స్‌పర్టులు చదివారయ్యా. నేనెవర్ని?"

"నువ్వు సదివినావా, లేదా?"

"చదివాను."

"మరి పో!"

ఓల్డ్‌రాయిడ్ మొదట నమ్మలేదు. "నీకు లాటిన్ ఎలా వచ్చు?"

"ఫాదర్ అవుదామని ఎనిమిదేళ్లు చదివాను సార్. ఒక్కసారి మొదటి వరుసలో మరియమ్మ పేరు చూడండి. ఆవిడ ఆడమనిషని ఎవరికీ అనుమానం లేదు కదా. ఆ పేరుకి ముందున్న మాట ఏ అక్షరంతో ఆగిందో, ఇక్కడ 'నా' అనే మాటా దాంతోనే ఆగింది. ఇది జాన్ కాదు సార్, జోన్."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రెండు చోట్లా వేలు పెట్టి పోల్చి చూశాడు.

"ఆరేళ్లు," అన్నాడు చివరికి. "ఆరేళ్లుగా లేని మగవాణ్ణి వెతికాను."

ఆ పూటే ఇంగ్లండు దస్తావేజుల ఆఫీసుకు ఉత్తరం పెట్టాడు. ఎనిమిది రోజులకు జవాబొచ్చింది. ఆనందకుమార్ చదివింది నూటికి నూరుపాళ్లు సరే. దాంతోపాటు ఇంకో పేజీ కూడా పంపారు. జోన్ అనే వితంతువు 1471లో రాయించిన వీలునామా. భర్త ఇంటిపేరు కింద ఉండబట్టి ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

గురువారం భోజనాలయ్యాక ఓల్డ్‌రాయిడ్ ఆ పేజీని మీటింగు రూములో పెద్ద తెర మీద పెట్టించాడు. నయీమ్‌నీ, ఇంజినీర్లనీ పిలిచాడు. ఆనందకుమార్‌ని తెర దగ్గర నిలబెట్టాడు.

"నేను ముందు చూసుకోలేదు. నువ్వే చదవాలి."

ఆనందకుమార్ సన్నగా మొదలుపెట్టాడు. రెండో వరుసకు గొంతు తెరుచుకుంది. ఒక్కో వాక్యం లాటిన్‌లో చదివి, వెంటనే ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాడు. గుడికి రెండు కొవ్వొత్తులు, చెల్లెలికి నీలం గౌను. ఆ తర్వాతి వరుస చూసి నవ్వాడు.

"విల్లెల్మో ఫీలియో మేయో. ఈసారి కొడుకే సార్! నా తండ్రి రాబర్ట్ నాకిచ్చిన ఇల్లూ పొలమూ నా కొడుకు విలియంకి."

ఓల్డ్‌రాయిడ్ లేచి నిలబడ్డాడు. తండ్రి ఇంటిపేరు పక్కకి పోయి, తల్లి పొలం పేరే విలియంకి ఇంటిపేరయింది. ఆ పేరే ఐదు వందల ఏళ్లు నడిచి ఈ గదిలోకి వచ్చింది. ఆయన ఆనందకుమార్ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని వదల్లేదు. నయీమ్ చప్పట్లు మొదలుపెడితే గదంతా అందుకుంది.

ఓల్డ్‌రాయిడ్ అక్కడే కూర్చుని ల్యాప్‌టాప్‌లో వంశవృక్షం తెరిచి, రాబర్ట్‌కీ విలియంకీ మధ్యనున్న ఖాళీ గడిలో జోన్ పేరు రాశాడు. కింద చిన్న అక్షరాలతో 'ఈ వీలునామాలు సరిగా చదివినవారు' అని కొట్టి, తలెత్తాడు.

"నీ పేరు పూర్తిగా చెప్పు. ఊరు కూడా. స్పెల్లింగు తప్పు పోకూడదు."

ఆనందకుమార్ ఒక్కో అక్షరం నింపాదిగా, అందరికీ వినబడేలా చెప్పాడు.