చంద్రుడి మీద బోరు: పద్నాలుగు కారట్లు

గొలుసు కొసను గీటురాయి మీద అంగుళం మేర రుద్ది, ఆ గీత పక్కనే నాణ్యం తెలిసిన బంగారు నమూనా పుల్లతో మరో గీత గీసి, రెండింటి మీదా చెరొక చుక్క యాసిడ్ వేసి, వలి బాషా తల ఎడమ పక్కకు వాల్చాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. వంగి వంగి వీపు గూనిదేరింది. చూపుడువేలి గోరు యాసిడ్‌కు కాలి పసుపుపచ్చగా మందమెక్కింది. కళ్లజోడుకు ఒక పక్క పుల్ల విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. గీతలు రంగు మారేదాకా కదలకుండా చూశాడు.

"పంతొమ్మిదిన్నర కారట్లు," అన్నాడు.

గొలుసు అమ్మడానికి చాపాడు నుంచి వచ్చిన నాగేశ్వరమ్మ స్టూలు మీద ముందుకు జరిగింది. "కొనేటప్పుడు ఇరవై రెండని చెప్పిరే నాయనా!"

"చెప్పింటారులేమ్మా. రాయి ఆ మాట చెప్పలేదు."

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వలి బాషా మాటకు ఎదురు లేదని చాపాడు దాకా తెలుసు. కానీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అంగడి యజమాని హరికృష్ణ ఫోను పక్కన పెట్టి, "ఇంగోసారి సూడు మామా," అన్నాడు.

వలి బాషా చెయ్యి ఆగింది. హరికృష్ణ తండ్రి కాలం నుంచి, ముప్పై ఒక్క ఏళ్లుగా, ఆ అంగట్లో ఆయన్ను ఇంకోసారి చూడమన్నవాడు లేడు. పక్క అంగళ్లన్నీ బంగారం నాణ్యం చెప్పే మిషన్లకు మారిపోయినా, 'మా వలి మామ కన్నుండగా మిషనెందుకు' అని మీసం తిప్పింది ఈ హరికృష్ణే. ఇప్పుడేమొచ్చింది ఈయనకు? మళ్లీ గీశాడు. మళ్లీ పంతొమ్మిదిన్నరే. హరికృష్ణ గొలుసు తీసి సొరుగులో పెట్టి, అన్నం తినేసి రమ్మని నాగేశ్వరమ్మను పంపించాడు.

అనుమానం వలి బాషాకు కొత్త కాదు, ఆయన బతికిందే దాని మీద. పాలవాడు చిక్కటి పాలన్నా చెంబులో వేలు ముంచి చూస్తాడు. బస్సు ఐదు నిమిషాల్లో వస్తుందంటే, చెప్పినవాడి ముఖం చదువుతాడు. భార్య ఖమ్రున్నీసా కూరలో ఉప్పు సరిపోయిందంటే నాలుక మీద వేసుకుంటే గానీ నమ్మడు. అలాంటి మనిషికి పట్టిన పిచ్చి చూడండి, సైన్సు కథలు! అంతరిక్ష నౌకలు, మరమనుషులు, వెనకటి కాలానికి తీసుకుపోయే యంత్రాలు. పాత పేపర్ల అంగట్లో కట్టలు విప్పి, అట్టలు చిరిగినవన్నీ ఏరుకొచ్చేవాడు. చదివిన ప్రతిదాన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో ఎక్కించేవాడు. కథ పేరు, చదివిన తేదీ, దాని మీద ఒక ముక్క, చివర కారట్లు. బంగారాన్ని తేల్చినట్టే కథనూ తేల్చేవాడు. ఇరవై ఆరేళ్లలో పదకొండు వందల పైచిలుకు కథలు తేలాయి. తేదీలు, కారట్ల అంకెలు తప్ప అంతా ఉర్దూలోనే రాసేవాడు, గల్లాపెట్టె వైపు నుంచి ఎవరైనా తొంగిచూసి ఎగతాళి చేస్తారేమోనని.

ఆ రోజు మధ్యాహ్నం నమాజు చేసుకొని తిరిగొచ్చేసరికి, ఆయన పీట కింది రేకుపెట్టె తెరిచి ఉంది. నోటుబుక్కు హరికృష్ణ చేతిలో ఉంది.

"ఏంది మామా ఇది?"

"నా పుస్తకం."

"అది కనపడతానే ఉంది. ఈ కారట్లు ఎవురియి?"

అప్పటికి గానీ వలి బాషాకు పొద్దుటి మాట వెనక సంగతి అర్థం కాలేదు. పోయిన వారం ఆ వీధిలో నాణ్యం తనిఖీ చేసే ఆఫీసర్లు దిగి రెండు అంగళ్లలో నగలు పట్టుకుపోయారు. తక్కువ రకం సరుకు ఎవరెవరి దగ్గరుందో లోపలివాడెవడో రాసిచ్చాడని వీధంతా గుసగుస. అప్పటి నుంచి పక్కపక్కన కూర్చొని టీ తాగేవాళ్లు కూడా ఒకరి చేతులు ఒకరు కనిపెట్టి చూసుకుంటున్నారు. ఇప్పుడేమో తేదీలు, కారట్లు, హరికృష్ణకు రాని లిపి! ఇంకేం కావాలి? గీటురాయి పట్టేవాడికి మాటే ఆధారం. ఆ మాట పోయిందంటే ఈ వీధిలో ఏ అంగట్లోనూ తనకు పీట వెయ్యరు.

"కథలప్పా. నేను సదివిన కథలు."

"కథలకు కారట్లేంది మామా! కమాలూ, ఇట్లా వచ్చి సదువు."

గొలుసులకు టంకం పెట్టే కమాల్ బాషా చేతులు తుడుచుకొని వచ్చాడు. వలి బాషా వైపు చూడకుండా, వేలు పెట్టుకొని, ఒక్కో ముక్కా తెలుగు చేసుకుంటూ చదివాడు. "'చంద్రుడి మీద బోరు. ఎన్ని అడుగులు ఏసినారో చెప్పలేదు. పద్నాలుగు.'"

"ఇంగ?"

"'వేరే గ్రహం రాణి. దిగిన రోజే తెలుగు మాట్లాడింది, ఎవురు నేర్పినారు? పన్నెండు.'" కమాల్ గొంతు సవరించుకున్నాడు. "'నిద్రపోని మరమనిషి. శానా మంచి కథ, ఆఖర్లో రాగి కలిపినాడు. పద్దెనిమిది.'"

రాగి అనగానే హరికృష్ణ కుర్చీలోంచి లేచాడు. "సూస్తివా! చంద్రుడంట, రాణంట, మరమనిషంట. ఇదంతా కోడు! ఏ అంగడికి ఏం పేరు పెట్టినావో చెప్పు. ఎవురా రాణి?"

"రాణి కథలో ఉండాది అప్పా."

"అరవై ఏండ్లు వస్తాండాయి, పిల్లోల్ల కథలకు నంబర్లేసుకుంటా కూర్చున్యావా? దీన్ని నన్ను నమ్మమంటావా?"

నిజమే, నమ్మేటట్టు లేదు. ఈ సంగతినే ఎవరైనా కథగా రాసి ఉంటే తానూ పది కారట్లకు మించి వేసేవాడు కాదని వలి బాషాకే అనిపించింది. "ముప్పై ఒక్క ఏండ్లు నా మాట మీద బంగారు కొంటిరి. మీ నాయన కొనె, నువ్వు కొంటివి. ఈ ఒక్క మాట నమ్మలేవా అప్పా?"

"ఆ మాట వేరే." హరికృష్ణ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువగా ఉంది. "వాళ్లు మళ్లీ వచ్చి, ఇది నా అంగట్లో దొరికితే నా గతేంది?" అంటూనే పుస్తకాన్ని నడిమికి చీల్చి బొగ్గుల కుంపట్లో పడేశాడు.

లావు పుస్తకం, ఒక పట్టాన అంటుకోలేదు. కమాల్ ఇనుప పుల్లతో పేజీలు విప్పాల్సి వచ్చింది. వలి బాషా నిలబడి చూశాడు. ఇరవై ఆరేళ్లు! ఎవరికేం అన్యాయం చేశాయి ఆ కాగితాలు? "వస్తానప్పా," అని మాత్రం అని, చెప్పులు వేసుకొని వీధిలోకి దిగాడు. ఆయన మలుపు తిరగకముందే హరికృష్ణ గొలుసును కమాల్ చేతికిచ్చి మిషను అంగడికి పంపించాడు.

ఇంట్లో ఖమ్రున్నీసా జాకెట్లకు హుక్కులు కుడుతోంది. "అప్పుడే వచ్చినావే? బుక్కు తేలేదా?" అని అడిగింది.

"అంగట్లో ఉండాది," అన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందని మంచం మీద వాలి, దిండు పక్కనున్న పాత వారపత్రిక తీసి సగంలో ఆపిన కథ అందుకున్నాడు. చదివిన కథ ఆమెకు చెప్పడం, కారట్ల దగ్గర ఇద్దరూ వాదులాడుకోవడం ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా ఉన్న అలవాటు. ఆమె ఎప్పుడూ రెండు ఎక్కువ వేస్తుంది. ఆ పూట కూడా ముగించి చెప్పాడు. ఎక్కడో దూరపు చుక్క దగ్గర కాపలా పెట్టిన మనిషి, చూసిందల్లా రోజూ భూమికి చెప్పి పంపుతుంటాడు. ఇక్కడ ఒక్కరూ నమ్మరు. అయినా మర్నాడు వాడు మళ్లీ ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

"ఎంతేస్తావు?" అంది సూది ఆపి.

"ఇరవై నాలుగు."

"అమ్మో! నువ్వేనా? ఎవురికీ ఇయ్యలేదే ఇంతవరకు!"

"దీంట్లో కలిపింది ఏమీ లేదు," అని, కాసిని నీళ్లు ఇమ్మన్నాడు. ఆమె గ్లాసు కడిగి, ముంచుకొని వచ్చింది. పిలిచింది. భుజం పట్టి కదిపింది. అప్పటికే పోయాడు.

పొద్దు వాలేవేళ హరికృష్ణ ఆ సందులోకి వచ్చాడు. జేబులో మిషను చీటీ ఉంది. పంతొమ్మిదిన్నర. మధ్యాహ్నం నుంచి అన్నం సయించలేదు అతనికి. చీటీ మామ చేతిలో పెట్టి, తప్పైందని చెప్పి, రేపు పొద్దున తోడ్కొని పోవాలనుకున్నాడు. గడప ముందు అన్ని జతల చెప్పులు చూసి, వాటి పక్కనే తనవీ విడిచాడు. లోపల చాప మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. తలుపు పట్టుకొని నిలబడిపోయాడు.

పరదా వెనక నుంచి ఖమ్రున్నీసా గొంతు వినపడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "ఎవురు, హరికృష్ణప్పా? ఆయన బుక్కు అంగట్లోనే పెట్టి వచ్చినాడంట. కమాల్‌తో పంపియ్యి. ఆఖరి కథకు ఇరవై నాలుగు ఏసినాడు, ఎక్కియ్యాల. నాకూ ఉర్దూ రాసేది వస్తాది."

హరికృష్ణ జేబులోని చీటీని వేళ్లతో మడిచాడు.

"పంపిస్తావా అప్పా?"

"పంపిస్తానమ్మా," అన్నాడు.

గోడవారగా జరిపిన ఖాళీ మంచం మీద ఆ వారపత్రిక బోర్లా పడి ఉంది, ఆయన చదివి ముగించిన పేజీ దగ్గరే.