అంచు తుప్పు

ల్యాబులో అందరూ ఆయన్ని తుప్పు మాస్టారనే పిలిచేవారు. పాతికేళ్లుగా సైనిక వాహనాలకు వేసే రంగులను పరీక్షించడమే ఆయన పని. రంగు వేసిన ఇనపరేకు మీద కత్తితో గీత గీసి, ఉప్పునీటి తుంపర చిమ్మే పెట్టెలో వారాల తరబడి ఉంచేవారు. తర్వాత గీత వెంబడి తుప్పు ఎంత పాకిందో స్కేలు పెట్టి కొలిచేవారు. అంచుల్లో పట్టిన తుప్పు మాత్రం లెక్కలోకి రాదు. రేకు కోసినచోట రంగు ఎలాగూ సరిగా నిలవదు కాబట్టి వదిలేయమని రూలు.

ఒక ఏడాది వచ్చిన కొత్త రంగు గీత దగ్గర భేషుగ్గా నిలబడింది. అంచులు మాత్రం పెచ్చులూడిపోయాయి. బండికీ అంచులుంటాయి కదా, రిపోర్టులో ఒక ముక్క రాద్దామా అనుకున్నారు మాస్టారు. రాస్తే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది, పై ఆఫీసరు మొహం మాడ్చుకుంటాడు. మనకెందుకొచ్చిన గొడవలే అని సంతకం గీకి పడేశారు. పెద్ద రూళ్ల మనిషి మరి! కళ్లెదుట కనిపించినదాన్ని రాయడానికి చెయ్యి రాలేదు.

నాలుగేళ్ల తర్వాత అక్క ఫోన్ చేసింది. బావ సైన్యంలో లారీ డ్రైవరు. క్యాబిన్ ఎక్కుతుంటే ఇనపమెట్టు పుటుక్కున విరిగి, సిమెంటు నేల మీద వెల్లకిలా పడ్డాడట. నడుము విరిగింది, ఇక నడవలేడన్నారు. మెట్టును అంచు నుంచి లోపలిదాకా తుప్పు తినేసిందట. మాస్టారు పాత ఫైలు తీసి చూశారు. ఆ లారీలకు వేసింది ఆ రంగే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా చెప్పి తీరాలనుకుని ఆస్పత్రికి వెళ్లారు. బావ ఆయన్ని చూడగానే నవ్వబోయాడు. మా బామ్మర్ది పరీక్ష చేసిన బండిరా, దీనికి ఢోకా లేదని తోటివాళ్లతో గొప్పలు పోయేవాణ్నని చెప్పాడు.

“అంచుల్లో తుప్పు అప్పుడే చూశాను బావా. చూసి కూడా రాయలేదు.”

బావ పైకప్పుకేసి చూపు తిప్పుకున్నాడు. రాయడానికి ఎంతసేపు పట్టేదని మెల్లగా అడిగాడు. నిమిషం అన్నారు మాస్టారు.

మంచం అవతల కూర్చున్న అక్క లేచి తలుపు తీసింది. ఒరేయ్ అని తప్ప తమ్ముణ్ని ఏనాడూ మరోలా పిలిచిన మనిషి కాదు.

“మీరిక వెళ్లండి,” అంది.