అడుగుకు పావంగుళం

ఆ ఉదయం కొత్తపేట మీద మబ్బు దిగి ఉంది. కురవదు, తొలగదు. మట్టయ్య షాపు షట్టరు సగమెత్తి, వంగి లోపలికి దూరి, నేరుగా రైలుకొండ దగ్గరికి వెళ్లాడు. ఎల్బీనగర్‌లోని ఒక బడికి చేస్తున్న బొమ్మరైలు అది. బల్లమీది స్టేషను నుంచి కొండమీది స్టేషనుకు ఐదు చుట్లు తిరిగి ఎక్కాలి. మధ్యాహ్నం ప్రిన్సిపాలు లలితకుమారి చూడవస్తుంది.

జేబులోంచి జానెడు తుమ్మచెక్క తీశాడు. ఒక కొస పలచన, ఒక కొస మందం. అడుగు దారికి పావంగుళం ఎత్తు లెక్కన తానే చెక్కుకున్నది. దాన్ని పట్టాలమీద మందంవైపు దిగువకు ఆనించి, పైన మట్టం చూసే లెవెల్ పెట్టాడు. బుడగ నడుమకు రాలేదు. రాదని తెలుసు. అయినా రోజూ చూస్తాడు.

నక్షాలో అతను వేసింది మూడడుగుల వెడల్పు చుట్టు. చుట్టుకు తొమ్మిదిన్నర అడుగుల దారి, రెండున్నర అంగుళాల ఎత్తు. కిందిచుట్టులో రైలు దూరాలి కనుక ఆ ఎత్తు తగ్గించడానికి లేదు. యజమాని రామారావుకు ముందువైపు షాపు పేరు బోర్డుకు జాగా కావాలి. ఎర్రపెన్నుతో మూడు కొట్టేసి రెండు వేశాడు.

"ఎక్కది సారూ. దారి పొట్టిగైతే నిటారైతది. మలుపు సుత బరువే. మా నాయన బండి తోలంగ చూసిన."

"ఇవి ఎడ్లు కాదులేవయ్యా," అని నవ్వాడు రామారావు. రెండడుగుల చుట్టు కట్టాక, పెట్టెల్లేని ఉత్త ఇంజను ఎక్కింది. దాంతో ఆ మాట అక్కడే ఆగింది.

మట్టయ్యకు యాభై ఎనిమిది. గొంతుక్కూర్చుంటే మోకాళ్లు లేవనీయవు. పోయిన నెల లలితకుమారి అతని చేతిపని చూసి, రైలు బాగా నడిస్తే జూన్ నుంచి బడిలో పిల్లలకు చెక్కపని నేర్పమంది. కుర్చీలో కూర్చుని చేసే పని. ఆ సంగతి భార్య పెంటమ్మకూ, రామారావుకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం లలితకుమారి వచ్చింది. ఇంజనుకు ఆరు పెట్టెలు తగిలించారు. రెండు చుట్లు ఎక్కింది. మూడో చుట్టులో చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. బండి మెల్లగా వెనక్కి జారి, చివరి పెట్టె పక్కకు ఒరిగింది.

"నేను మూడడుగులనే చెప్పానండీ," అన్నాడు రామారావు. "మా మట్టయ్యే తగ్గించేశాడు."

మట్టయ్య నక్షా ఉన్న సొరుగు వైపు చూశాడు. రామారావూ అటే చూసి, చూపు తిప్పుకున్నాడు.

"పిల్లలకు కొలతలు మీరే నేర్పుతారనుకున్న, మట్టయ్య గారూ," అంది లలితకుమారి. ఆ గొంతులో కోపం లేదు. ఆమె మెట్లు దిగి వెళ్లింది.

తరవాత ఉలులు, సుత్తి, రంపం సంచిలో సర్దుకున్నాడు. రామారావు చూస్తూ నిలబడ్డాడు. భోజనాల వేళయింది. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, పాత పేపరు పరుచుకుని తింటారు. మట్టయ్య సొరుగు లాగి, నక్షా తీసి, పేపరుకు బదులు దాన్నే పరిచాడు. ఫ్యాను గాలికి అంచు లేస్తుంటే తుమ్మచెక్క పెట్టాడు.

ఇద్దరూ డబ్బాలు విప్పారు. రామారావు ఎప్పటిలాగే ఆవకాయ ఇటు జరిపాడు. మట్టయ్య దాన్ని ముట్టలేదు. జొన్నరొట్టె ఆఖరి ముక్కదాకా నిదానంగా నమిలాడు. డబ్బా కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, సగమెత్తిన షట్టరు కింద వంగి వెళ్లిపోయాడు.

రామారావు చెయ్యి ఇంకా అన్నంలోనే ఉంది. డబ్బా పక్కన, తుమ్మచెక్క అంచున, కొట్టేసిన మూడు మీద ఎర్రగీత.