ఇరవై మూడు పసుపు గీతలు

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం. మగ్గం గుంతలో నాయన, వసారాలో రాట్నం ముందు అవ్వ, లోపలి గదిలో ల్యాప్‌టాప్‌తో జ్యోతిలక్ష్మక్క, గడప మీద నేను. అమ్మ పట్టు తేవడానికి ధర్మవరం పోయింది.

అక్క ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తుంది. మూడు నెలలు చూసి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ రోజే ఆఖరు. వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రాంలో కొన్ని వరుసల కింద పసుపు గీతలు వచ్చాయి. అవి తప్పులు కావట, హెచ్చరికలట. ప్రోగ్రాం మాత్రం బాగానే నడుస్తోంది. నడుస్తుంటే ఇంకేం బాగుచేయాలో నాకు అర్థం కాలేదు.

"ఐదింటికల్లా ఒక్కటి గూడా కనపడకూడదు" అంది అక్క, నన్ను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి. "నేను ఫోన్లో మీటింగుకు పోవల్ల. 'ఈ వరుస ఎక్కడా వాడలేదు' అని ఉండేవి తీసేయ్. అనుమానమొస్తే నన్నడుగు."

ఫోన్ పట్టుకుని మిద్దెక్కింది. నేను ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. చివర ఇరవై మూడు వరుసలు ఒకేచోట ఉన్నాయి. వాటికీ అదే హెచ్చరిక. కానీ ఎవరో శ్రద్ధగా వరుసగా పేర్చినట్టున్నాయి.

వాటిని తీసేయడానికి నాకు చేయి రాలేదు. చీర దిగాక మగ్గంలో మిగిలిన పాత పోగుల్ని నాయన కోసి పారేయడు. కొత్త చీరకు వేసే పడుగును ఒక్కో పోగూ వాటికే అతుకుతాడు. ఇవీ అలాంటివేనేమో. అడుగుదామని మెట్ల దాకా పోయాను. అక్క వాళ్ల సారుతో మాట్లాడుతోంది. సిగ్గేసి తిరిగొచ్చాను. గీత మీద నొక్కితే 'ఈ హెచ్చరిక చూపవద్దు' అని వచ్చింది. ఇరవై మూడింటికీ అదే నొక్కాను. హెచ్చరికల లెక్క సున్నా అయింది. అక్క దిగొచ్చి, సున్నా చూసి, నా బుగ్గ గిల్లి, ప్రోగ్రాంను సారుకు పంపేసింది.

నాలుగింటికి ఆ విష్ణువర్ధన్ సారే ఫోన్ చేశారు. స్పీకర్లో ఆయన మాటలు అందరికీ వినిపించాయి.

"జ్యోతీ, ఇరవై మూడు హెచ్చరికల నోరు మూయించినావు. అవి వచ్చే నెల పనికని పెట్టుకున్నవి. తీయకపోవడం మంచిదే. కానీ దాచడమేంది? చూసేవాళ్లు అంతా శుభ్రమనుకోరా? ఐదింటి లోపల ఒక్కోదానికీ ఎందుకుంచినామో రాసి పంపు. ఉద్యోగం సంగతి అది చూసినాక."

అక్క నా వైపు తిరిగింది. "ఏం చేసినావే?"

"నాయన పోగులు కోయడు కదక్కా..."

"పాప చెప్పింది నిజమే కదమ్మే" అంది అవ్వ.

గుంతలోంచి నాయన అన్నాడు: "కోయంలేమ్మా. అట్లని గుడ్డ కప్పి దాచం గదా. కండ్లెదురుగానే ఉంటాయి."

ఉంచడం మంచిదన్నారు, దాచినందుకు తిడుతున్నారు. నేను చేసింది సగం ఒప్పా, మొత్తం తప్పా?

"ఏవేవి మూసినానో నాకు తెలుసక్కా. పక్కన కూచోని చెప్తా" అన్నాను.

"నువ్వు సాయం చేసింది చాలు తల్లీ. అవతలికి పో."

ఒక కాలు గడప లోపల పెట్టాను. అక్క నన్ను భుజం పట్టి వెనక్కి జరిపి తలుపేసింది.