ఆయన చిత్తం

చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే వెనక నుంచి అన్నారు మా ఆయన, "ఇవాళ ఆరాధనలో నువ్వు సాక్ష్యం చెప్పాలి." మా ఇంట్లో అడగడమనేది దేవుణ్ణి మాత్రమే, నాకు చెప్పడమే.

"ఎక్కువ వద్దు. బిడ్డ పోవడం దేవుడి చిత్తం, దానికి లోబడి నెమ్మది పొందాను అను, చాలు. ఏడుపొచ్చినా పర్లేదు, వినేవాళ్లకి ఆదరణగా ఉంటుంది. సంఘపెద్ద భార్య నోరు విప్పకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

నా ఏడుపుకీ ఆయనే వేళ పెట్టారు.

అప్పుడు నాకు ఆరో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చర్చిలో కూడికలు, ప్రసంగీకులకు మా ఇంట్లో భోజనాలు. "దైవసేవకులు ఇంటికొస్తుంటే పడుకుంటావా? మొగుడి మాట వినడమంటే దేవుడి మాట వినడమే. లే," అన్నారు. "నిండు నెలల్లో నేను నీళ్లు మోశానమ్మాయ్," అంది అత్తయ్య. లేచాను. పొయ్యి ముందే నడుం పట్టేసింది, రక్తం కనిపించింది. మా ఆయన్ని వంటింటి గుమ్మంలోకి పిలిచి చెబితే, "ప్రార్థన అవనీ," అని వెళ్లిపోయారు. ప్రార్థన అయింది, వడ్డనలూ అయ్యాయి. నా చేతి వంటను మెచ్చుకుంటూ ఒకాయన మారు వడ్డించుకున్నాడు. ఆసుపత్రిలో ఆడపిల్ల అన్నారు. గోళ్లు కూడా వచ్చాయని నర్సు చెప్పింది. ఒక్కసారి ఎత్తుకుంటానంటే మా ఆయన, "వద్దులే, మనసు పాడవుతుంది," అన్నారు. ఆ మాటా విన్నాను. ఇప్పటికీ చేతులు ఖాళీగా ఉంటే భయం, అందుకే ఏదో ఒకటి ఉతుకుతూ, తుడుస్తూ ఉంటాను.

నేను దేవుణ్ణి వదిలేసినదాన్ని కాదు. ఏడ్చుకోవడానికి నాకు ఆయన తప్ప వేరే పుట్టిల్లు లేదు. చిత్రమేమిటంటే దేవుణ్ణి నువ్వు అంటాను, మొగుణ్ణి మీరు అంటాను. ఇతరులతో చెప్పేటప్పుడు మాత్రం ఇద్దరూ ఆయనే. పెళ్లయిన కొత్తలో ఎవరి మాట ఎవరిదో తెలిసేది. తర్వాత రెండూ కలిసిపోయాయి, ఎక్కడ కలిశాయో నేను చూసుకోలేదు. లోబడమన్న ఆజ్ఞ మా ఇంట్లో అందరికీ కంఠస్థమే. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్నదీ ఆజ్ఞే కదా, ఆ ఊసు ఎవరూ ఎత్తరు. నా పాపని చంపిన నింద తీసుకెళ్లి, నాకున్న ఒకే ఒక్క దిక్కు మీద వెయ్యమంటున్నారు.

చర్చిలో పాస్టరుగారు పిలిచారు. లేచి మైకు దగ్గరికి వెళ్లాను. ముందు వరుసలో మా ఆయన, కానివ్వు అన్నట్టు తలాడించారు. ప్రభూ, ఈ ఒక్క మాటలో నీకు లోబడనివ్వు అనుకున్నాను.

"అందరికీ వందనాలు. మా పాప పోవడం దేవుడి చిత్తం అని చెప్పమన్నారు. ఆ రోజు నన్ను మంచం మీంచి లేవమన్నది దేవుడు కాదండీ, మా ఆయన."