బంక లేని ఫోను

మా మూతల ఫ్యాక్టరీ గేటు దగ్గర రోజూ పొద్దున మా ఫోన్లకు గంతలు కడతారు. వాచ్‌మన్ ఎర్ర స్టిక్కరు ఒకటి చింపి కెమెరా మీద అతికిస్తాడు, సాయంత్రం పీకేస్తాడు. స్టిక్కరు పోతుంది, బంక మిగులుతుంది. రెండేళ్ల బంక మీద దుమ్ము చేరి నా కెమెరా పెచ్చు కట్టింది. లోపల మేం చేసేది సీసా మూతలు, బాంబులు కావు. అయినా ఫొటోలు బయటికి పోకూడదట. చదువుకున్నవాళ్ల భయాలు ఏడో తరగతితో ఆపేసిన నాకేం అర్థమవుతాయి?

మొన్న ఆదివారం మా ఆవిడ పాప ఫొటో తీసి తన చెల్లెలికి పంపింది. మరదలు వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లని పొగలో నిలబెట్టావేంటే? బావగారి ఫోనుకి శుక్లాలొచ్చాయా?"

మా ఆవిడకు తల కొట్టేసినట్టయింది. దూదితో రెండు చుక్కల వంటనూనె పట్టించి, బట్టలు ఆరేసి వచ్చేదాకా నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచేసింది. జిడ్డు పోయేలా పొడిగుడ్డతో ఇంకోసారి తుడిచింది. బంక ఆనవాలు లేదు. ఆవిడ గర్వం చూడాలి!

ఆ గర్వమే నా కొంప ముంచింది.

సోమవారం సాయంత్రం మేనేజరు గేటు దగ్గర కాపు కాశాడు. కొత్త మూత ఫొటో ఎవరో పోటీ కంపెనీకి పంపారట. ఫొటో అద్దంలా ఉందట. బంక పట్టిన ఫోనుతో అంత బాగా రాదు కాబట్టి, బంక లేని ఫోను ఎవరిదో వాడే దొంగ. ఇదీ ఆయన లెక్క. ఒక్కరోజు స్టిక్కరుకి బంక ఏపాటి అంటుతుంది? నలభై ఇద్దరి ఫోన్లలో నాదొక్కటే తళతళలాడింది.

"నూనె రాసిందండీ మా ఆవిడ..."

"కథలు చెప్పకు. రేపు పొద్దున ఓనరు గారొస్తారు, ఆయనకే చెప్పుకో. ఆయన నమ్మకపోతే ఈ గేటు మర్చిపో."

పద్దెనిమిదేళ్లుగా ఒకే మిషను మీద ఉన్నాను. దొంగ పేరు మోసుకుని తిరిగేవాణ్ణి ఈ వయసులో ఎవడు పనిలో పెట్టుకుంటాడు?

బస్టాపులో అందరూ నాకేదో అంటురోగం ఉన్నట్టు దూరంగా నిలబడ్డారు. ప్యాకింగులో పనిచేసే వదిన ఒక్కతే దగ్గరికొచ్చింది. ఆమె ఎవరికీ బంధువు కాదు, అందరికీ వదినే.

"ఏం మరిదీ, నిజంగా నూనెతోనే పోయిందా?"

"పోయింది వదినా, బంకతో పాటు ఉద్యోగం కూడా."

"ఏడిశావులే. నా ఫోనులో మా మనవడు ఎప్పుడు తీసినా బూడిద గుమ్మడికాయలా వస్తాడు. ఎంతసేపు నానాలో చెప్పు."

చెబుతుండగా నా బుర్రలో ఓ పురుగు తొలిచింది.

"వదినా, నువ్వొక్కదానివే తుడిస్తే ఇద్దరు దొంగలమవుతాం. అందరూ తుడిస్తే?"

ఆమె నన్ను ఎగాదిగా చూసి, వెనక్కి తిరిగి గొంతెత్తింది.

"ఒరేయ్, అందరూ ఇలా రండర్రా!"

మర్నాడు ఓనరు గేటు దగ్గరే కుర్చీ వేయించుకున్నాడు. మేనేజరు నన్ను ముందుకు తోశాడు.

"బంక లేనిది ఇతని ఫోనొక్కటేనండీ."

"మిగతావీ చూపించమను."

ఒక్కొక్కరే చూపించారు. అన్నీ తళతళే. వదిన పొడిగుడ్డ సంగతి మరిచిపోయినట్టుంది, ఆమె ఫోను ఓనరు చేతిలోంచి చేపలా జారింది. వాచ్‌మన్ నవ్వాపుకోలేక దగ్గాడు.

మేనేజరు ముఖం కందగడ్డయింది. "నిన్న అన్నిటికీ ఉందండీ బంక!"

"ఉంటే తుడుచుకున్నారు. ఏదీ, నీ ఫోనివ్వు."

ఇచ్చాడు. మా ఆవిడ తుడిచినదానికంటే శుభ్రంగా ఉంది.

"నీదెవరు తుడిచారు?"

"నాకు స్టిక్కరు వెయ్యరండీ."

"ఎందుకు వెయ్యరు?"

మేనేజరు వాచ్‌మన్‌ని చూశాడు. వాచ్‌మన్ ఆకాశాన్ని చూశాడు.

"ముందు ఇతనికి వెయ్యి" అన్నాడు ఓనరు.

"మరి వీడి సంగతి..." అంటూ మేనేజరు నన్ను చూపించి నీళ్లు నమిలాడు.

"వెళ్లి మిషను ఆన్ చెయ్యమను."

ఆ ఫొటో తీసిందెవరో ఇప్పటికీ తేలలేదు. తేల్చడం నా డ్యూటీ కాదు. లోపలికి నడుస్తూ వెనక్కి చూశాను. మేనేజరు ఫోను మీద వేసిన స్టిక్కరు వంకరగా వచ్చిందని, వాచ్‌మన్ దాన్ని పీకి మళ్లీ వేస్తున్నాడు. అది మూడోసారి.