ఆగబోయే చప్పుళ్ళు

నల్లా నీళ్ళు పట్టుకోవడం, కోడలు పెట్టిన చాయ్ తాగడం, గడప పక్కన కూర్చుని కొత్త చీరలకు వేలాడే దారాలు కత్తిరించడం. సూరత్‌ నవాగామ్‌లో లింగవ్వ పొద్దు ఇట్లా మొదలవుతుంది. చీర వెనక్కి తిప్పి చూస్తే ఒక్క పోగు కనబడకూడదు. పక్కింటి ఆడవాళ్ళు సగం కత్తిరించి సగం వదిలేస్తారు, మేస్త్రీ చూసీ చూడనట్టు పోతాడు. లింగవ్వ పోదు. ముఖం మీదే అంటుంది. అందుకే ఆమెకు స్నేహాలు తక్కువ, ఆ తక్కువతో ఆమెకు ఇబ్బందీ లేదు.

గల్లీ నిండా సాంచాల కార్ఖానాలే, కరెంటు మగ్గాలే. ఏ సాంచా ఆగిపోబోతుందో దాని చప్పుడు లింగవ్వకు ముందే ఆగిపోతుంది. పోగు మోసే నాడె ఉరుకుతూనే ఉంటుంది, గుడ్డ దిగుతూనే ఉంటుంది, ఆమె చెవికి మాత్రం అది మూగ. అట్లాగే రాబోయే పని చప్పుడు ముందే వినబడుతుంది. దీన్ని గల్లీలో ఎవరూ వింత అనుకోరు. నల్లా ఎప్పుడొస్తుందని అడిగినట్టు, "లింగవ్వా, మా సాంచాలు ఇనవడ్తున్నయా?" అని అడిగి పోతారు.

పెద్ద నోట్లు రద్దు కాకముందే ఆమెకు సగం గల్లీ వినబడటం మానేసింది. మాట నమ్మినవాళ్ళు సాంచాలు అమ్మి ఆటోలు కొన్నారు, నమ్మనివాళ్ళు ఊరికి పోయారు. ప్లాస్టిక్ సంచులు బంద్ అని సర్కారు చెప్పకముందే, అదే గల్లీలో ఉండే సమ్మక్క ఖాళీ గదిలో లింగవ్వ కుట్టు మిషన్ల టకటక విన్నది. సమ్మక్క మెడలో గొలుసు అమ్మి మిషన్లు కొన్నది. ఇవాళ ఆమె కుట్టించే గుడ్డ సంచులు బజారంతా తిరుగుతున్నాయి. ప్రతి దసరాకూ లింగవ్వకు చీర పెడుతుంది. పెట్టాలి మరి.

బ్రహ్మచారి పెట్టలేదు. వాడిదీ లింగవ్వ లాగే సిరిసిల్ల దిక్కే, వరుసకు కొడుకు అవుతాడు. లింగవ్వ నోట విని, ఆగబోయే సాంచాలను అగ్గువకు కొని వేరే ఊళ్ళకు తోలి పెద్దవాడయ్యాడు. తరవాత పదిమందిలో, ఆమె పక్కనే ఉండగా, "అంత నా దిమాగ్" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వాడికి మంచినీళ్ళు కూడా పుట్టవు.

అట్లాంటివాడు వానలు వెనకబట్టిన కాలంలో గడప బయట వచ్చి నిలబడ్డాడు.

"శనార్తి చిన్నవ్వా. పాతయి కడుపుల పెట్టుకోకు."

"కడుపుల లెవ్వు. నెత్తిల ఉన్నయి. వచ్చిన పనేందో చెప్పు."

"ఊర్లె బొగ్గు బాయిలర్లు నడవద్దని హుకుం వచ్చింది. పెద్ద మిల్లులు గ్యాసుకు మారుతయి. చిన్నోళ్ళతోని యాడైతది? డిండోలి అవతల, ఊరి హద్దు బయట నాకో షెడ్డున్నది. మారినోళ్ళు పాత బాయిలర్లు ఇనుప సామాను కింద భంగార్ల ఏస్తున్రు. ఒకటి తెచ్చి అండ్ల నిలవెట్టిన. చిన్న మిల్లుల గుడ్డంత రంగుకు నా కాడికే వస్తది. అందరు హుకుం జూసి ఏడుస్తున్రు, నేను అండ్ల బువ్వ జూస్తున్న." లోపలికి తొంగి చూశాడు. "మన నరేశ్ బాయిలర్ కాడ నిలవడితే పాలు ఇస్త. నౌకరి కాదు, పార్ట్‌నర్."

నరేశ్ అప్పటికే చెప్పులేసుకుని తయారుగా ఉన్నాడు. లింగవ్వకు ఒక్కగానొక్క కొడుకు. వాడి సేఠ్ సర్కారు స్కీములో కొత్త మిషన్లు తెచ్చాడు, ఒక వరుస మనుషులు చేసే పని వాటి దగ్గర ఒక్కడే చూసుకుంటాడు. నరేశ్‌ను దీపావళి దాకా రమ్మన్నాడు, తరవాత వద్దన్నాడు. వాడు నడిపే సాంచాలు లింగవ్వకు వినబడక చాలా రోజులైంది.

అందుకే షెడ్డులో చెవి పెట్టి చూడటానికి పోయింది. బ్రహ్మచారి కోసం కాదు.

షెడ్డులో బాయిలర్ చల్లగా పడి ఉంది. పొట్ట మీద అతుకులు, వాటి మీద కొత్త రంగు. కానీ ఆమె లోపల కాలు పెట్టగానే ఆవిరి బుసకొట్టింది, రోలర్లు తిరిగాయి, తడి గుడ్డ బండల మీద దభాలున పడింది. ఇంత మోత ఆమె ఎన్నడూ వినలేదు. లేదని చెప్తే బ్రహ్మచారి నోట్లో మట్టి పడేది. చెప్పాలని నాలుక దురద పెట్టింది కూడా. కానీ అబద్ధం చెప్పడమంటే ఆమెకు దారాలు వేలాడే చీర చేతికిచ్చినట్టు.

"మోగుతది," అన్నది, ఎటో చూస్తూ.

నరేశ్ ఆమె చేతులు పట్టుకుని ఊపాడు, పెదవులు ఏవేవో అన్నాయి, ఆమె తలాడించింది.

ఇక్కడే పొరపాటు జరిగింది. సాంచాల మనుషులకు గొంతుతో పని తక్కువ. ఆ మోతలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? పెదవులు చూసి అర్థం చేసుకుంటారు, వేళ్ళతో జవాబిస్తారు. లింగవ్వ వయసంతా కార్ఖానాల్లో కండెలు చుట్టింది, కొడుకు మీసం రాకముందే సాంచా ఎక్కాడు. ఇంట్లో కూడా ఒకరి ముఖం ఒకరు చూడందే మాట్లాడుకోరు. కాబట్టి ఆమె కొన్నాళ్ళు దేన్నీ గమనించలేదు.

ఒక ఉదయం ఆమె చీర ముందేసుకుని కూర్చుంది. సుభాషిణి మిద్దె మీద బట్టలారేసి మెట్లు దిగి వచ్చింది.

"అత్తా, నీ కొడుకు తువ్వాల తెమ్మని గొంతు చించుకుంటుండు. మిద్దె మీదికి ఇనవడ్డది, నీకు ఇనవడ్తలేదా?"

లింగవ్వ కత్తెర ఆపింది. స్నానాల గదిలో చెంబు బకెట్‌కు తగిలిన చప్పుడు వినబడింది. నీళ్ళు పడ్డ చప్పుడు వినబడింది. కుక్కర్ ఈల, గల్లీలో ఆటో హారన్, కోడలి గాజులు.

"ఇప్పుడు పిలుస్తుండా?"

"పిలుస్తనే ఉన్నడు."

నరేశ్ తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. 'ఏంది అవ్వా, చెవులు అమ్ముకున్నవా?' అన్నాయి పెదవులు. లింగవ్వ కండ్లు మూసుకుంది. వాడు ఇంకా ఏదో అంటూనే ఉండాలి, ఎందుకంటే కోడలు నవ్వింది. మూసిన రెప్పల వెనక కొడుకు ఉన్న చోట ఏమీ లేదు.

వాడు పనికి పోయాక సుభాషిణి వచ్చి ముందు కూర్చుంది. ఇప్పుడు నవ్వడం లేదు.

"ఎప్పటి సంది?"

"మోగుతదని చెప్పిన్నాటి సంది గావచ్చు."

"సాంచాలు కద అత్తా ఇనవడనియి. మనుషులు ఎన్నడన్న..."

"ఎన్నడు లేదు."

"ఆయనకు చెప్పుదాం. పోవద్దని కాళ్ళు మొక్కుత."

"వద్దు. ఎవల సాంచా ఆగుతదో వాళ్ళకు చెప్పిన. ఒక్కటన్న నిలిచిందా? చెప్తే సర్దుకున్నరు గంతే. నా కొడుకును దేనికి సర్దుకొమ్మని చెప్పాలె?"

సుభాషిణి కొంగు నోట్లో కుక్కుకుంది.

దీపావళి టపాసులన్నీ లింగవ్వకు వినబడ్డాయి. కొడుకు పనికి పోతే గల్లీ మలుపు దాకా చూసేది. వాడు తిరిగి వచ్చి అన్నం తింటుంటే పక్కకు తిరిగి కూర్చుని చెవి పెట్టేది. కంచం చప్పుడు, నమిలే చప్పుడు. ఆ మధ్యలో ఎక్కడో వాడు మాట్లాడుతున్నాడని కోడలి ముఖాన్ని బట్టి తెలిసేది. వాడి మాటకు ఎంత చోటు ఉండేదో, ఆ ఖాళీ అంత ఉండేది. మొదటిసారి ఆమె కత్తెర కింద ఒక చీర తెగింది.

దీపావళికి మూసిన దుకాణాలను సూరత్ వ్యాపారులు పండగైన ఐదో రోజు, లాభ్ పాంచమ్ నాడు తెరుస్తారు. బ్రహ్మచారి కూడా ఆ రోజే బాయిలర్ ముట్టిస్తానన్నాడు. షెడ్డుకు బంతిపూల దండలు కట్టారు. చిన్న మిల్లుల సేఠ్‌లు చెప్పులు బయట విడిచి వరుసగా నిలబడ్డారు, గుడ్డతో టెంపోలు కూడా వచ్చేశాయి. నరేశ్ కొత్త చొక్కా వేసుకుని, బొగ్గు పార పట్టుకుని, పొయ్యి నోటి ముందు నిలబడ్డాడు.

పొయ్యి ఇంకా ముట్టించలేదు, కోడలి పక్కన నిలబడ్డ లింగవ్వకు మాత్రం ఆవిరి బుసలు అప్పుడే తల పగిలేటట్టు వినబడుతున్నాయి.

బ్రహ్మచారి చేతిలో కొబ్బరికాయ. సేఠ్‌ల ముందు గొప్ప కోసం గొంతు పెంచాడు. "మా చిన్నవ్వ చెవి అసొంటిది సూరత్ మొత్తంల లేదు. చిన్నవ్వా, ఇంకొక్కసారి చెప్పు. మోగుతదా?"

చెప్పిన నిజమేదీ ఇంతవరకు దేన్నీ ఆపలేదు. ఆమె చెప్పి చూడనిది ఒక్క అబద్ధమే.

"ఏం ఇనవడ్తలేదు," అన్నది లింగవ్వ.

"ఆ పొద్దు మోగుతదన్నవ్ గద?"

"అబద్ధం చెప్పిన. ఇండ్ల పెట్టిందంత మునిగి నువ్వు రోడ్డు మీద పడాల్నని చెప్పిన. నా చెవిని పట్టుకోని నీ దిమాగ్ అన్నవ్. మరిచిన్ననుకున్నవా? తీరా పొయ్యి కాడ నా కొడుకును జూస్తే మనసొప్పలే."

ఎవరూ అనుమానించలేదు. ఆమె పగ సంగతి తెలియనివాడు ఆ గల్లీలో లేడు. తెలుగు రాని సేఠ్‌లకు పక్కవాడు హిందీలో చెప్పాడు. ఒకరు చెప్పులు తొడుక్కున్నారు. ఇంకొకరు ఫోన్ చెవికి పెట్టుకుని బయటకు నడిచారు. బాయిలర్‌ను తిరిగి భంగార్‌కే ఇస్తే ఎంత వస్తుందో ఎవరో అప్పుడే లెక్క వేస్తున్నారు. టెంపోలు గుడ్డ దించకుండానే వెనక్కి తిరిగాయి. బ్రహ్మచారి కొబ్బరికాయను సంచిలో వేసుకున్నాడు.

రేపటి నుంచి లింగవ్వను ఎవరూ ఏమీ అడగరు, అడిగినా నమ్మరు. అది ఆమెకు తెలుసు. కొడుకు ముఖం చూడకుండా బయటకు నడిచింది.

వెనక, ఆమె చెవికి మాత్రమే వినబడే ఆవిరి బుసలు సన్నబడ్డాయి, రోలర్లు ఆగాయి. షెడ్డు నిశ్శబ్దమైంది. పార కిందపడిన చప్పుడు వచ్చింది, కంకర మీద చెప్పుల చప్పుడు వెంటబడి వచ్చింది, కొడుకు గొంతు మాత్రం లేదు. తిరిగి చూస్తే పెదవులు కనబడతాయి, మళ్ళీ మోసపోతుంది. లింగవ్వ తిరగలేదు. పండ్లు బిగబట్టి నడిచింది.

"...నోట్ల మన్ను కొట్టినవ్! నీ పంతం సల్లగుండ, నా బతుకు మీదనా తీర్చుకునేది? నువ్వు తల్లివేనా?"

బొంగురు గొంతు. చివర కొంచెం చీలుతుంది, వాళ్ళ నాయన గొంతు లాగే.

లింగవ్వ నడక నెమ్మది చేసింది, వాడు వెనకబడిపోకుండా. వాడు తిడుతూనే ఉన్నాడు. ముందు నడుస్తున్న సుభాషిణి తిరిగి చూసి, కార్ఖానా మనుషుల లెక్కన వేలు చెవికి ఆనించి, కండ్లతో అడిగింది.

"నన్ను ముసలి దొంగ అంటుండు," అన్నది లింగవ్వ.